ఎండ దెబ్బ నత్తకూ తగులుతుంది

ఎండలు ముదిరితే మన సిరోంచ తాలూకా బడుల్లో ఒంటిపూట తరగతులు, వడదెబ్బ జాగ్రత్తలు మామూలే. మనిషికి ఎండ తగిలితే ఏమవుతుందో పిల్లలకు చెబుతున్నాం. చెరువులోని నత్తకు తగిలితే ఏమవుతుందో కూడా చెప్పాలన్నది మా మాట. మన గొడ్లకు వచ్చే ఒక రోగం నత్త ఒంట్లోనే పెరుగుతుంది మరి.

ముక్కు కారుతూ, గురక పెడుతూ, ఆయాసంతో కాడి లాగలేని ఎద్దులు పల్లె రైతుకు తెలియనివి కావు. ముక్కు రక్తనాళాల్లో ఉండే సన్నని పురుగు ఇందుకు కారణమని 1930ల్లో మద్రాసులో ఎం. అనంత నారాయణరావు గుర్తించారు. పురుగు గుడ్లు చీమిడితో పాటు నీళ్లలో పడతాయి. పిల్ల పురుగులు చక్రంలా చుట్టుకున్న చిన్న నత్తలో చేరి, వందలుగా పెరిగి, మళ్లీ నీళ్లలోకి వచ్చి పశువు చర్మంలోంచి దూరతాయి. ఇలాంటి పశువుల పురుగులు మనిషి ఒంట్లో బతకలేవు కానీ కాళ్లకు దురద, దద్దుర్లు తెస్తాయి.

అయితే ప్రతి నత్తా పురుగుకు లొంగదు. కొన్ని నత్తల రక్తకణాలు పురుగును చుట్టుముట్టి చంపేస్తాయి. మనుషులకు బిల్హార్జియా తెచ్చే పురుగును ఇలా తట్టుకునే బ్రెజిల్ నత్తలపై అమెరికాలో ఇట్టిప్రసర్ట్, నైట్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం 2012లో అచ్చయింది. 25 డిగ్రీల నీటిలో పురుగును గెలిచిన నత్తలే 32 డిగ్రీల్లో లొంగిపోయాయి. ఆ నత్త వేరు, మన చెరువు నత్త వేరు. ఆ లెక్కను ఉన్నదున్నట్టు ఇక్కడ అంటగట్టకూడదు. కానీ పుట్టుకతో వచ్చిన రక్షణ కూడా వేడికి సడలవచ్చన్న సంగతి, 45 డిగ్రీల ఎండలు చూసే విదర్భకు చిన్నది కాదు. బిల్హార్జియా కూడా మన దేశానికి పూర్తిగా కొత్త కాదు. మన రాష్ట్రంలోనే రత్నగిరి జిల్లా గిమ్వి గ్రామంలో 1950ల్లో అది బయటపడింది.

ఇంట్లో నత్త, పశువుల దవాఖానాలో గోగల్‌గాయ్, పాఠంలో మొలస్కా. మూడూ ఒకటేనని తెలియని పిల్లకు పరీక్షలో మార్కులు రావచ్చు, ఇంటికి మాత్రం ఆ చదువు అక్కరకు రాదు. మరాఠీ, ఇంగ్లీషు రావాలని తల్లిదండ్రులు కోరడం న్యాయమే. అవి నేర్పుదాం. చూసి, కొలిచి, ఎందుకని అడిగే అలవాటు మాత్రం ఇంటి భాషలోనే మొదలవుతుంది.

తోటి ఉపాధ్యాయులకు మా సూచన ఇది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వారానికోసారి, ఉదయమూ మధ్యాహ్నమూ, దారం కట్టిన థర్మామీటరుతో చెరువు అంచు నీటి వేడి కొలిపించండి. పిల్లలను నీళ్లలో దింపకండి. అంకెలను మూడు భాషల్లో పేర్లతో గోడ మీద రాయించండి.

తల్లిదండ్రులారా, ముక్కు కారే పశువును చెరువులో దించకండి. కుడితి తొట్టిలోనే నీళ్లు పెట్టి, పశువైద్యుడికి చూపించండి. సెలవులైన మే నెలలో ఆ థర్మామీటరు చూసే పని మీ పిల్లలకు అప్పగించండి.