రెండొందల యెన్‌ల ఆదివారం

టోక్యోలో ఆదివారం ఇంటిల్లిపాదీ బయటికెళ్ళాలంటే ముందు పర్సు తడుముకోవాలి. థీమ్ పార్కంటే టికెట్లకే నెల కిరాణా ఎగిరిపోతుంది. మేం మొత్తం ఆరుగురం. దసరా అయ్యాక వచ్చిన అమ్మానాన్న, అక్కా బావా, వాళ్ళ ఆరేళ్ళ బుడ్డోడు, నేను. అయినా అక్టోబర్‌లో ఓ ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగొచ్చాం. ఎంట్రీ తలకి 200 యెన్‌లు, మన డబ్బుల్లో నూరు రూపాయల పైచిలుకు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి అదీ లేదు. ఐదుగురు పెద్దవాళ్ళకి వెయ్యి యెన్‌లతో పనైపోయింది.

ఎక్కడికంటారా? గుర్రప్పందేలకి.

ఆగండాగండి, నాకు తెలుసు. మన దగ్గర ‘ఆయన మలక్‌పేట రేసులకి పోతాడట’ అంటే ఆ ఇంటికి పిల్లనివ్వరు. మా ఇంట్లో ఈ మాటకి ఇంకాస్త బరువుంది, అది తర్వాత చెప్తాను. ముందు ఆ చోటు ఎలా ఉంటుందో వినండి.

టోక్యో నగరానికి పడమరగా ఫుచూ అనే ఊరుంది. 1933 నుంచి అక్కడ పందేలు జరుగుతున్నాయి. కేయో లైన్ రైల్లో దిగే స్టేషన్ పేరే ‘ఫుచూ కేబా సేమోన్ మాఎ’. ఫుచూ పందేల మైదానం ముఖద్వారం ఎదురుగా అని అర్థం. అడ్రస్ అడగక్కర్లేదు. స్టేషన్ నుంచి కప్పున్న వంతెన మీద నడిస్తే నేరుగా గేటు దగ్గర తేలతాం.

లోపలికెళ్ళగానే మా బుడ్డోడు అడిగిన మొదటి ప్రశ్న, “మామా, ఇది పార్కా?” అని. వాడి తప్పేం లేదు. పచ్చికలో చాపలు పరుచుకుని కుటుంబాలు, స్ట్రోలర్లు, బాక్సుల్లో భోజనాలు. ట్రాక్ కింద నుంచి సొరంగం దాటితే మైదానం నడిమధ్యలో పిల్లలు ఆడుకునే చోటుంది. అంటే నీ చుట్టూ గుర్రాలు పరిగెడుతుంటే నువ్వు మధ్యలో జారుడుబల్ల ఎక్కొచ్చు. పందేల చరిత్ర చెప్పే మ్యూజియం కూడా ఆవరణలోనే ఉంది. ఆకాశం తేటగా ఉంటే పెద్ద స్టాండ్ మీద నుంచి ఫుజి పర్వతం కనిపిస్తుంది. మాకు కనిపించలేదు, మబ్బు. అమ్మ పులిహోర డబ్బా మూత తీసేసరికి ఫుజి సంగతి అందరూ మర్చిపోయారు.

మూడో మలుపు దాటాక ఓ పెద్ద చెట్టుంటుంది. గుర్రాలు దాని వెనక్కి వెళ్ళి మళ్ళీ కనిపించే ఆ రెండు క్షణాలూ స్టాండ్ మొత్తం ఊపిరి బిగబడుతుంది. అందరూ దాన్ని ‘పెద్ద కెయాకి’ అంటారు. తమాషా ఏంటంటే అది కెయాకి కానే కాదు, ఎనోకి అనే వేరే చెట్టు. ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోయిన వేరియబుల్ పేరు లాంటిది, తప్పని తెలిసినా ఎవరూ మార్చరు.

నాకు బాగా నచ్చింది మాత్రం ప్యాడక్. ప్రతి పందేనికీ ముందు గుర్రాలని ఓ గుండ్రటి దారిలో నెమ్మదిగా నడిపిస్తారు. జనం రెయిలింగ్ పట్టుకుని చూస్తారు. పైన బోర్డు మీద ఒక్కో గుర్రం బరువు, పోయిన పందెంతో పోలిస్తే ఎంత పెరిగిందో ఎంత తగ్గిందో వేస్తారు. 486, ప్లస్ 8. 452, మైనస్ 6. డేటా పిచ్చి ఉన్నవాడికి ఇంతకంటే పండగ ఏముంటుంది! పందెం అర నిమిషంలో మర్చిపోతాం కానీ, మూడు గజాల దూరంలో అంత పెద్ద ప్రాణి చెమటతో మెరుస్తూ నడిచి వెళ్ళడం మర్చిపోలేం. అది చూడ్డానికి పైసా అక్కర్లేదు.

సరే, పైసల సంగతి. ఇక్కడ కనీస పందెం 100 యెన్‌లు. రోజుకి 12 పందేలు. పందేనికి ఒక వంద, ఇంటి మొత్తానికి 1,200 యెన్‌లు, అంతకు మించి ముట్టుకునేది లేదు అని ముందే అనుకున్నాం. పందెం డబ్బంతా ఒక కుండలో పడుతుంది. నిర్వాహకులు తమ వాటా కోసుకుని, మిగిలింది గెలిచినవాళ్ళకి పంచుతారు. అంటే మనం ఆడేది గుర్రంతో కాదు, పక్కనున్న జనంతో. ఏ గుర్రం గెలుస్తుందో చెప్పే మామూలు పందెంలో కోత 20 శాతం. మొదటి మూడు గుర్రాలనీ వరసలో చెప్పాల్సిన పందెంలో 27.5 శాతం. ఊరించేదాంట్లోనే కోత ఎక్కువ. అమ్మకాల్లో 10 శాతం ప్రభుత్వ ఖజానాకి పోతుంది.

మా 1,200కి సగటున పోయేది 240 యెన్‌లు. ఒక కాఫీ ఖర్చు. కానీ ఇదే లెక్క వేరేలా నడపండి. ఒకాయన 10,000 యెన్‌లతో వచ్చాడు. వచ్చిందంతా మళ్ళీ పెడతాడు. ఐదు విడతలయ్యేసరికి సగటున మిగిలేది 3,277. పదికి 1,074. మధ్యలో ఓసారి గెలిచి గంతులేయొచ్చు, కానీ కోత మాత్రం ప్రతి విడతా పడుతూనే ఉంటుంది. ఇది నాలుగు లైన్ల కోడ్, మీరూ రాసి చూడండి.

ఈ లెక్క తెలిశాక నాకు ఆ 200 టికెట్ వేరేలా కనిపించింది. అంత పెద్ద స్టాండ్, ఆ పచ్చిక, ఆ స్క్రీను, శుభ్రమైన టాయిలెట్లు మన రెండొందలతో నడుస్తాయా? మన ఫోన్లో ఉచిత గేములు ఎలా నడుస్తాయో అలాగే. కొద్దిమంది విపరీతంగా ఖర్చు పెడతారు, మిగతావాళ్ళం ఉచితంగా ఆడుకుంటాం. పైగా ఇప్పుడు ఇక్కడ పందేల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్లోనే సాగుతోంది. మన పిక్నిక్‌కి డబ్బు కట్టేవాడు మన పక్కన కూడా ఉండడు, ఏ గదిలోనో ఫోన్ ముందు ఉంటాడు.

ఇక మా నాన్న. రేసులంటే రారేమో అనుకున్నాం. “వస్తాను, వాడు మాత్రం డబ్బు ముట్టుకోకూడదు, గుర్రం నంబర్ కూడా చెప్పకూడదు” అన్నారు బుడ్డోణ్ణి చూపించి. ఇక్కడ చట్టం కూడా ఆయన వైపే ఉంది. 2022లో జపాన్ మేజర్ వయసుని 18కి తగ్గించినా, పందెం టికెట్ కొనడానికి మాత్రం 20 ఏళ్ళు అలాగే ఉంచారు.

మా తాతయ్య హైదరాబాద్‌లో గవర్నమెంట్ ఆఫీసులో గుమాస్తా. ఒకటో తారీఖు జీతం, ఆ వారాంతం మలక్‌పేట. నానమ్మ గాజులు రెండుసార్లు కుదువకి వెళ్ళాయని విన్నాను. పులిహోర తింటూ నాన్న చెప్పింది మాత్రం ఎప్పుడూ వినలేదు. చిన్నప్పుడు ఆయన్నీ వెంట తీసుకెళ్ళేవారట తాతయ్య. గేటు బయట బజ్జీల బండి దగ్గర కూర్చోబెట్టి, “ఒక్క రేసు, ఇప్పుడే వస్తా” అని లోపలికెళ్తే చీకటి పడేదట. “లోపల్నుంచి అరుపులు వినిపించేవిరా. గుర్రాన్ని మాత్రం ఒక్కసారీ చూళ్ళేదు.”

అరవై నాలుగేళ్ళ మనిషి రేసు గుర్రాన్ని మొదటిసారి చూడటానికి వచ్చారన్నమాట. మధ్యాహ్నమంతా ఆయన ప్యాడక్ దగ్గరే నిలబడ్డారు.

బావ ఊరుకోక, “గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యం అని మన సుప్రీంకోర్టే 1996లో చెప్పింది మామయ్యా” అన్నాడు. నాన్న నవ్వి, “కోర్టుకంటే ముందు మా నాన్నే చెప్పాడయ్యా ఆ మాట, ప్రతి నెలా” అన్నారు.

ఆయన ముచ్చటపడింది ఒక ఓడిపోయిన గుర్రం కథకి. హారు ఉరారా. ఉమా ముసుమె గేమ్ ఆడేవాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. కోచి అనే చిన్న రేస్‌కోర్సులో 113 పందేలు పరిగెత్తి ఒక్కటీ గెలవని ఆడగుర్రం. 2004 మార్చిలో జపాన్‌లోకెల్లా పేరున్న జాకీ యుటాకా టాకె దాన్నెక్కితే జనం విరగబడ్డారు. పదకొండింట్లో పదోది అయింది. దాని టికెట్ జనం దాచుకునేవాళ్ళు, కారులో పెట్టుకుంటే యాక్సిడెంట్ కాదని. జపనీస్‌లో పందెం ‘తగలడం’, బండి ‘తగలడం’ ఒకే మాట మరి. ఎప్పుడూ తగలని గుర్రం కదా! 2025 సెప్టెంబర్‌లో 29 ఏళ్ళ వయసులో పోయింది. “ఓడినా తిండి పెట్టారన్నమాట ముసలితనం దాకా” అన్నారు నాన్న.

తొమ్మిదో పందెంలో అక్క ఓ గుర్రం మీద గెలుపుకి వంద, మొదటి మూడింట్లో వస్తుందని వంద పెట్టింది. పొదుపు చేద్దామని రెండు పందేలు వదిలేశాం లెండి, బడ్జెట్ దాటలేదు. ఇలా ఒకే గుర్రం మీద రెండూ కలిపి కొంటే టికెట్ మీద ‘గంబారే’ అని అచ్చవుతుంది. పట్టు వదలకు అని. అది మూడోదిగా వచ్చింది. పెట్టింది 200, చేతికొచ్చింది 160. “చూశావా, నీ ఇరవై శాతం” అని నాన్న నా వీపు మీద చరిచారు.

మూడున్నర దాటాక ఆ చోటు రంగు మారుతుంది. చాపలు మడతపడతాయి, స్ట్రోలర్లు గేటు వైపు కదులుతాయి. మెట్ల మీద చెవిలో ఎర్ర పెన్సిల్ పెట్టుకున్న ఒంటరి మగవాళ్ళు మిగులుతారు. పొద్దున్నుంచి పోయినదంతా ఆఖరి పందెంలో రాబట్టాలి కదా. మా ముందు మెట్టు మీద నాన్న వయసాయన పేపర్లో అవే నాలుగు గుర్రాల పేర్ల చుట్టూ మళ్ళీ మళ్ళీ గీతలు గీస్తున్నాడు. నాన్న ఆయన్నే చూస్తూ కూర్చున్నారు చాలాసేపు. తర్వాత లేచి, “ఆఖరిది వద్దు, పదండి” అన్నారు.

వంతెన మీద సగం దూరం వచ్చామో లేదో వెనక హోరు లేచింది. గుర్రాలు చెట్టు దాటి ఉంటాయి. నాన్న ఆగి, తల కాస్త వంచి విన్నారు.

“ఆ, ఇదే” అన్నారు.

“ఏవండీ, రైలొచ్చేస్తోంది” అని అమ్మ అరిచేదాకా అక్కడే నిలబడ్డారు.