చూపులేనివారికి సాధన కావలెను

కన్ను పోయినవానికి దేవుడు చెవి నిచ్చునని మనవారు చెప్పుకొను మాట దయతో గూడినదే గాని నిజము గాదు. చెవియు, చేయియు, పాదమును ఆ పని నేర్చుకొనవలెను. దృష్టిమాంద్యము గల ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1919లో విజయనగర సంగీత కళాశాలయందు ఫిడేలు ఆచార్యులైనది సాధనవలననే.

పెనుమూడి రేవునకు బోవు అంధునికి కృష్ణమీది తడిగాలి దిక్కు చెప్పును. గట్టిబాట తప్పి ఇసుక తగులగనే పాదము హెచ్చరించును. వారధిమీది లారీల మ్రోత దూరమును దెలుపును. కాని మనము వానిని పోనిత్తుమా? పడిపోవునను భయమున అరుగుమీద గూర్చుండబెట్టి, అన్నము కలిపి చేతికిచ్చి, అదియే ప్రేమ యనుకొందుము. ఈ తప్పు మాయందును గలదు.

ప్రభుత్వము చేసినది లేకపోలేదు. నూరురూపాయల నోటుపై త్రిభుజమును, ఐదువందల నోటుపై వృత్తమును ఉబ్బెత్తుగా నచ్చొత్తుచున్నారు. నోటు నలిగినపిమ్మట ఆ గురుతు వ్రేలికి సరిగా నందదు, అది వేరుమాట. 2016 నాటి చట్టము ప్రభుత్వోద్యోగములలో వికలాంగులకు నూటికి నాలుగు స్థానములను, అందొకటి చూపులేనివారికిని మందదృష్టి గలవారికిని ప్రత్యేకించినది. మంచిదే. తెల్లకఱ్ఱతో నడచుట నేర్పువారు లేనిచో ఆ యుద్యోగమునకు బోవు దారి యేది? మండలమునకొక్క శిక్షకునినైన నియమింపవలెనని కోరుచున్నాము. అంతవరకు పెనుమూడి గృహస్థులు తమ యింటి అంధుని రేపుదయము రేవుదాక నడువనిత్తురా?