దేశాంతరమున మడి నశించునా?

“సముద్రము దాటినవానికి మడి ఎక్కడిది?” అని నేటికీ కొందరు ఆచారవంతులు నిస్సంకోచముగా పలుకుచున్నారు. ఈ ఆక్షేపము తగులునది ఎవరికి? నిజామాబాద్, ఆర్మూర్, బోధన్ ప్రాంతముల నుండి దశాబ్దములుగా గల్ఫ్ దేశములకు పోవుచున్న శ్రమజీవులకు. 1931లో పూర్తియైన నిజాంసాగర్ జలము, ఆ జలముతో పెరిగిన చెరకు, బోధన్ చక్కెర కర్మాగారము ఈ సీమకు అన్నము పెట్టిన మాట సత్యము. అందరికీ పెట్టలేదన్నదియు సత్యమే. ఆ కర్మాగారమును 2015లో మూసివేసినారు. పొట్టకూటికై పోయినవానిని, పోవలసిన అవసరము కలుగనివాడు అశుచి అనుట న్యాయమా?

మొదట ప్రమాణమును విచారింతము. బోధాయన ధర్మసూత్రము పతనహేతువులలో సముద్రయానమును చెప్పినది నిజమే. అదే వరుసలో, నమ్మి దాచుకొన్న సొమ్మును అపహరించుట, భూమి విషయమున అసత్యము పలుకుట కూడ ఉన్నవి. గట్టు తగాదాలో అబద్ధపు సాక్ష్యము చెప్పినవాని పంచె మడి కాదని ఈ ఆక్షేపకులు ఏనాడైన అన్నారా? ఒక మాటను పట్టుకొని తక్కిన మాటలను విడుచుట శాస్త్రనిష్ఠ కాదు, సౌకర్యనిష్ఠ.

ఇక మడి యనగా నేమి? ఉతికి, పిండి, ఇతరుల స్పర్శ లేకుండ ఆరవేసిన వస్త్రము. కన్నడమున ఆ పదమునకు ఉతికిన శుభ్రవస్త్రమనియే అర్థము. వస్త్రములుతుకువాడు అక్కడ ‘మడివాళ’. మంజీర ప్రవహించి వచ్చు బీదరు సీమలోని కల్యాణమున శివభక్తుల వస్త్రములుతికిన మడివాలు మాచయ్యను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించినాడు. కాబట్టి మడికి మూలము జన్మ కాదు, దేశము కాదు. నీరు, శ్రమ, శ్రద్ధ.

ఈ మూడింటిలో దేశాంతరమున లేనిదేది? పగలంతయు ఎండలో పనిచేసి, పలువురుండు గదికి చేరి, బకెట్టులో తన బట్టలు తానే నానబెట్టి ఉతికి, తాడుపై ఆరవేసికొని, మరునాడు వానినే ధరించి దేవుని పటమునకు నమస్కరించువాడు మడి తప్పినవాడా? ఇచ్చట మడి కట్టు గృహస్థుని పంచెను తరచుగా ఉతుకునది ఇల్లాలు. ఆమె శ్రమపై నిలిచిన మడితో, స్వహస్తములతో ఉతికికొన్నవానిని నిందించుట తగదు.

“అక్కడ యంత్రమున పదిమంది బట్టలు కలియునే” అని మరియొక ఆక్షేపము. చేతితో ఉతికికొన్న పంచెకు అది వర్తించదు. ప్రయాణికునకు రెండు నూలు పంచెలు, ఒక ఉత్తరీయము చాలును. రాత్రి స్నానవేళ ఉతికి, పొడి తువాలులో చుట్టి గట్టిగా ఒత్తినచో తడి చాలవరకు పోవును. విదిలించి, ముడుతలు సరిచేసి ఆరవేసినచో ఇస్త్రీతో పని తక్కువ.

1888లో ఇంగ్లండునకు పోవుచున్న గాంధీని కులపెద్దలు వెలివేసిరి. ఆయనయే తరువాత దక్షిణాఫ్రికాలో చాకలి ఖర్చు భారమై, గ్రంథము చదివి ఉతుకుట నేర్చుకొనెను. తొలుత కాలరు నుండి గంజి రాలుచుండగా న్యాయస్థానమునకు పోయి తోటి న్యాయవాదుల పరిహాసమునకు గురియయ్యెను. 1912లో గోఖలే అచ్చటికి వచ్చినపుడు, రానడే కానుకగా ఇచ్చిన ఆయన ఉత్తరీయమును స్వయముగా ఇస్త్రీ చేసి మెప్పు పొందెను. వెలివేయబడినవాడు వస్త్రశౌచమును విడువలేదు, నేర్చుకొనెను.

మనుస్మృతి పంచమాధ్యాయము అన్ని శౌచములలో అర్థశౌచమే శ్రేష్ఠమనినది. మట్టితో, నీటితో మాత్రమే శుచియైనవాడు శుచి కాడనినది. చెమటోడ్చి సంపాదించి ఇంటికి పంపు రూపాయి కంటె శుచియైన అర్థమేది? సెలవుపై వచ్చిన అట్టివాడు గుడి మెట్లెక్కినపుడు అడుగవలసినది అతడు దాటిన సముద్రమును గూర్చి కాదు. గోత్రనామములడిగి అర్చన చేయుటయే ధర్మము.

స్వస్తి.