తూము మూసిన విమానం

సావనీరుకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరినప్పుడు నానుంచి అమెరికా విశేషాలు ఆశించి ఉంటారు. నేను వాననీటి గురించి వ్రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది కనుక ఉపన్యాసం అనుకోకండి.

ఆ దేశంలో ఎవరైనా సరే, ఇంటి షెడ్డులో విమానం తయారుచేసుకోవచ్చు. పనిలో ఎక్కువ భాగం చదువుకోసమో సరదాకోసమో స్వయంగా చేసుకున్నామని చూపిస్తే, తనిఖీ చేసి ఎగరడానికి అనుమతి ఇస్తారు. విస్కాన్సిన్‌లోని ఆష్కాష్‌లో 1970 నుంచి ఇటువంటి వాళ్ళ జాతర వేసవిలో జరుగుతూ వస్తోంది. 2010లో దానికి ముందు వానలు దంచికొట్టి, మైదానమంతా బురదై, వచ్చిన విమానాలను పక్క ఊళ్ళకు పంపవలసి వచ్చింది.

నా మిత్రుడొకాయన కర్ర, గుడ్డతో చిన్న విమానం కట్టాడు. సెలవుల్లో నేను చేతిసాయం. తోక దగ్గర పైకీ కిందికీ ఆడే ఎలివేటరు అంచున చిన్న రంధ్రం కనిపిస్తే, పొరపాటున మిగిలిపోయిందనుకొని పుట్టీ పెట్టి, రంగు వేసేశాను. ఎంతో శుభ్రంగా పని చేశానని గర్వం కూడా! షెడ్డు అద్దె భరించలేక విమానం ఆరుబయటే ఉండేది. ఒక రాత్రి వాన. తెల్లారి ఆయన ఎగరబోయే ముందు అలవాటుగా ఎలివేటరును చేత్తో ఊపి చూస్తే లోపల గుళగుళమని చప్పుడు. పుట్టీ పొడిస్తే గ్లాసున్నర నీళ్ళు కారాయి.

గ్లాసున్నరే కదా అనకండి. ఎలివేటరు బరువు కీలుకు అటూ ఇటూ తూచి సరిపెడతారు. కీళ్ళ సందుల్లోంచి దిగిన నీరు వెనక అంచున చేరిందంటే ఆ తూకం చెడుతుంది. వేగం పెరిగినప్పుడు తోక అదిరిపోవడం మొదలవుతుంది. దాన్నే ఫ్లట్టర్ అంటారు. క్షణాల్లో తోక ఊడిపోవచ్చు.

మా ఊళ్ళో మట్టిమిద్దెల మీద వానాకాలానికి ముందు తూములు చూసుకోవడం పెద్దవాళ్ళకు పూజకన్నా ముఖ్యం. తూము మూసుకుపోతే మిద్దె కూలుతుందని చదువురాని అమ్మమ్మకు తెలుసు. ఇంజనీరింగు పట్టా ఉన్న నాకు తోచలేదు.

తూము ఎక్కడ పెట్టాలన్నదీ తేలిక లెక్క కాదు. విమానం జీవితంలో ఎక్కువ భాగం నేలమీదే ఉంటుంది కనుక, నిలిపినప్పుడు ఏది పల్లమో అక్కడ పెట్టాలి. తోకచక్రం విమానంలో నీరు తోకకు చేరుతుంది. బర్ట్ రూటన్ రూపొందించిన లాంగ్-ఈజీని (మొదట ఎగిరింది 1979లో) ముక్కు నేలకానించి నిలుపుతారు, అక్కడ నీరు ముక్కులోకే పోతుంది.

పెట్రోలు ట్యాంకు మూత రబ్బరు పాడైతే మరో తంటా. పెట్రోలు లీటరు సుమారు 720 గ్రాములు, నీరు కిలో. నీరు అడుగుకు దిగి ముందుగా ఇంజనుకు చేరుతుంది. అందుకే ఎగిరేముందు అడుగు నుంచి కాస్త పట్టి చూస్తారు. పట్టినదంతా నీళ్ళే అయితే మధ్యలో గీత కనిపించదు, శుభ్రమైన పెట్రోలే అనుకొని ఎక్కేసే ప్రమాదముంది. విమానపు పెట్రోలుకు నీలి రంగు వేస్తారు కనుక, ఆ రంగూ వాసనా చూడాలి.

సొంత విమానాల వాళ్ళకే ఈ బాధ అనుకుంటే పొరపాటు. 2008 ఫిబ్రవరిలో గువామ్‌లో సుమారు 140 కోట్ల డాలర్ల బి-2 బాంబర్ నేల విడవగానే కూలింది. గాలి ఒత్తిడి కొలిచే సెన్సార్లలో చేరిన చెమ్మ వల్ల కంప్యూటర్లకు తప్పు లెక్కలందాయి. పైలట్లిద్దరూ బయటపడ్డారు. ముందే హీటర్ వేసి చెమ్మ ఆరబెట్టాలని కొందరికి తెలుసు, కాని దాన్ని నియమంగా ఎవరూ వ్రాసిపెట్టలేదు!

సోదర విద్యార్థులారా, రెక్క మీద లిఫ్టు ఎంతో మన ప్రశ్నపత్రాలు ఏటా అడుగుతాయి. ఆ రెక్కలో నీరు చేరితే ఎటుపోతుందని నన్ను ఒక్కసారీ అడగలేదు. అధ్యాపకులు కోపగించుకోకుండా వర్క్‌షాపు మార్కుల్లో అయిదైనా దీనికి కేటాయించాలని నా మనవి. నీరు రాకుండా సీలెంటు పూయడం ఎవరైనా నేర్పుతారు. ఎంత పూసినా వాన దారి వెతుక్కుంటుంది, వచ్చిన నీటిని సాగనంపడమే అసలు పని.

ఆ రంధ్రం మళ్ళీ నాచేతే తొలిపించాడు మా మిత్రుడు. ఇప్పటికీ ఎక్కబోయే ముందు నావైపు చూసి, "నీ తూము చూశావా?" అంటాడు. వంగి చూసి వస్తాను.