పాము పగబట్టిందా?

"వారం తిరక్కుండా ముగ్గురిని కరిచిందండీ. ఎవరో పుట్ట తవ్వారు, ఊరిమీద పగబట్టింది" అని ఇంటింటా చెప్పుకుంటారు. మా చోడవరం చుట్టూ చెరకు తోటలు. ఎలుకలున్న చోట పాములుంటాయి, వానలు పడితే కాట్లూ పెరుగుతాయి. అంతమాత్రాన పగ అనుకోనక్కర్లేదు.

మీరే ఒక పరీక్ష చేసి చూడండి. ఏడాదికి 52 వారాలు కదా, ముగ్గుపిండితో నేలమీద 52 గడులు గీయండి. కళ్ళు మూసుకుని 52 చింతపిక్కలు ఒక్కొక్కటే గడుల్లో పడేలా విసరండి. గడికొకటి పడుతుందనుకుంటారు. పడదు! ఇంచుమించు 19 గడులు ఖాళీగా ఉండిపోతాయి. మరో 19 గడుల్లో ఒక్కొక్కటి, పదింటిలో రెండేసి, ఓ నాలుగింటిలో మూడో, అంతకంటే ఎక్కువో పడతాయి. పాము కాట్లూ అంతే. వారానికి సగటున ఒక్క కాటు వచ్చే చోట, ఏడాదిలో ఓ నాలుగు వారాలు ముగ్గురో నలుగురో రావడం మామూలే. అందుకే ఆసుపత్రిలో విషం విరుగుడు మందు సగటు చూసి నిల్వ పెడితే చాలదు.

ఈ లెక్క 1837లో ఫ్రెంచి గణితవేత్త రాసింది. కాలేజీ పుస్తకాల్లో 'పాయిజాన్ విభాజనం' అంటారు. పేరు చూసి విషమనుకునేరు, ఫ్రెంచిలో ఆ మాటకు చేప అని అర్థం! 1898లో బోర్ట్‌కీవిచ్ అనే ఆయన ప్రష్యా సైన్యంలో గుర్రాల తాపులకు పోయినవారిని ఇలాగే లెక్కగట్టాడు. పది దళాలు, 20 ఏళ్ళు, 122 చావులు. ఒక దళంలో ఒకే ఏడు నలుగురు పోయారు. లెక్క ప్రకారం అదీ వింత కాదు.

పగ అనుకుంటే శాంతులకూ మంత్రగాడికీ పరుగెడతారు, అక్కడే ప్రాణం పోతుంది. మంత్రంతో బతికారన్నవాళ్ళలో చాలామందికి అసలు విషమే ఎక్కి ఉండదు. కాటు పడితే తాడు బిగించకండి, కోయకండి, నోటితో పీల్చకండి. గాజులు, ఉంగరాలు తీసేసి, ఆ చెయ్యో కాలో కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా ఆసుపత్రికి తీసుకురండి. పామును చంపి తేవడానికి ఆలస్యం చేయకండి.

ఒక్క జాగ్రత్త. ఒకరి కాటు వల్ల ఇంకొకరికి కాటు పడదు కనుకే ఈ లెక్క పనిచేస్తుంది. వాంతులు, విరేచనాలు అలా కాదు. ఒకే వీధిలో రెండు రోజుల్లో ముగ్గురికి పట్టుకుంటే, యాదృచ్ఛికమని ఊరుకోకండి. ముందు కుళాయినీ బావినీ అనుమానించండి. నీళ్ళు మరగకాచి తాగండి, ఆ పూటే ఆరోగ్య కేంద్రానికి కబురు పంపండి.