ఎర్రర్ కోడ్ల పుస్తకం మా చేతికీ ఇప్పించండి

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి,

నేను ఇళ్లకు వెళ్లి వాషింగ్ మెషీన్లు, ఏసీలు బాగుచేసే మెకానిక్‌ని. 2022లో మీ శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరులోనే దానికోసం పోర్టల్ తెరిచినప్పుడు ఎంతో సంతోషించాను. కానీ మాకు అసలు కావలసిన ఎర్రర్ కోడ్ల పూర్తి వివరం ఇంకా చేతికి రాలేదు.

ఎల్‌జీ వాషింగ్ మెషీన్ మీద ‘ఓఈ’ అని వస్తే నీళ్లు బయటికి పోవడం లేదని అర్థం. అంతవరకు యూజర్ మాన్యువల్‌లోనే ఉంటుంది. ఎందుకు పోవడం లేదో కోడ్ చెప్పదు. ఫిల్టర్‌లో నాణెం ఇరుక్కుందా, పైపు మడత పడిందా, పంపు కాలిందా, వైరు ఎలుక కొరికిందా, ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవాలి. పంపు కాయిల్‌కు మీటరు పెడితే ఎన్ని ఓమ్‌లు చూపాలో, ఏ పిన్నుల మధ్య ఎంత వోల్టేజీ రావాలో చెప్పేది సర్వీస్ మాన్యువల్. అది బయటి మెకానిక్‌కు దొరకడం కష్టం. ఇన్వర్టర్ ఏసీల సంగతి మరీ ఘోరం, ఒకే కోడ్‌కు కంపెనీకో అర్థం. ఊహ మీద బోర్డు మారిస్తే వేలల్లో నష్టపోయేది ఇంటివాళ్లే.

అమ్ముతున్న ప్రతి మోడల్ కోడ్లనూ, పరీక్షించే వరుసనూ, కొలతలనూ పోర్టల్‌లో పెట్టమని కంపెనీలను ఆదేశించండి. తెలుగులోనూ పెట్టించండి, మా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు ఇంగ్లిష్ అంతగా రాదు. ప్లగ్ తీసేసినా కెపాసిటర్‌లో ఛార్జి నిలిచి ఉంటుందన్న హెచ్చరిక మొదటి పేజీలోనే ఉండాలి.

ఇట్లు,
ఒక మెకానిక్, విజయవాడ