సూదికి ముందు మాట అడగండి

కోంటా, సుక్మా, బీజాపూర్, భోపాలపట్నం, జగదల్‌పూర్ తెలుగువారికి విజ్ఞప్తి

హెచ్ఐవీ రాకుండా ఆపే టీకా ఇంకా లేదు. ఆ వైరస్ పగటివేషగాడి లాంటిది, ఒంట్లోని యాంటీబాడీలు పోల్చుకునేలోపే వేషం మార్చేస్తుంది. ఎన్ని వేషాలేసినా మన కణాన్ని పట్టుకునే కొక్కెం మాత్రం పెద్దగా మార్చుకోలేదు. సోకినవారిలో కొద్దిమందికి, కొన్నేళ్లకు, ఆ కొక్కేన్నే బిగించే యాంటీబాడీలు పుడతాయి. వాటిని ఆరోగ్యవంతుల్లో ముందుగానే పుట్టించాలని పరిశోధకుల ప్రయత్నం. అమెరికాలో తొలి పరీక్షలో 36 మందికి టీకా వేస్తే 35 మందిలో ఆ దారిన మొదటి అడుగు పడిందని 2022లో ప్రచురించారు. మొదటి అడుగే సుమా! ఇంతలో 2025లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఈ పని చేసే రెండు పెద్ద బృందాలకు నిధులు పొడిగించబోమంది. మన దేశంలో ఎక్కువగా ఉన్న సి రకం వైరస్ మీద ఫరీదాబాద్‌లో, ఢిల్లీ ఎయిమ్స్‌లో పరిశోధన ఉంది. దానికి మన ప్రభుత్వమే డబ్బు పెంచాలి. రేపు ఆ పరిశోధన బస్తర్ దాకా వస్తే కాదనం.

కానీ ఎలా వస్తుందన్నది ముఖ్యం. 2009లో సరిహద్దు అవతల, నాటి ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. హాస్టల్ పిల్లల అంగీకార పత్రాల మీద చాలాచోట్ల సంతకాలు వార్డెన్లవి. 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. టీకా తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు; దానికి టీకా కారణమని విచారణలో తేలలేదు, తల్లిదండ్రులను అడగలేదన్న మచ్చ మాత్రం పోలేదు.

ఏటా మిరప కోతకు ఇక్కణ్ణుంచి భద్రాచలం వైపు వెళ్లే కూలీ ఒకామె ప్రయోగ టీకా వేసుకుందనుకోండి. వైరస్ లేకపోయినా మామూలు కిట్ మీద పాజిటివ్ గీత పడొచ్చు, అది వెతికేది యాంటీబాడీనే కాబట్టి. కాన్పుకు పోయిన ఊళ్లో రక్తం చూసి ముద్ర వేస్తే, గోండీ తప్ప మరో మాట రాని మనిషి ఏం చెప్పుకుంటుంది?

అందుకే గోండీ, దోర్లీ, హల్బీ, తెలుగుల్లో నోటితో చెప్పి, ఇంట్లో మాట్లాడుకోడానికి వ్యవధి ఇచ్చి, అప్పుడు అంగీకారం తీసుకోవాలి. టీకా వేసుకున్నవారికి కార్డు ఇవ్వాలి. వైరస్‌నే నేరుగా చూసే పరీక్ష జిల్లా ఆసుపత్రుల్లోనూ, మిరప మండలాల్లోనూ ఉచితంగా దొరకాలి. అంగీకారం లేనిదే పరీక్షగానీ పరిశోధనగానీ కూడదని 2017 నాటి హెచ్ఐవీ చట్టం ఉండనే ఉంది.

తెలుగుతోపాటు ఈ భాషల్లో మరొకటి వచ్చిన మనవాళ్లు దుబాసీలుగా ముందుకు రావాలి. ఈ కోర్కెలతో కలెక్టరు గారికిచ్చే అర్జీ మీద వచ్చే సంతలో సంతకాలు తీసుకుంటాం. వేలిముద్ర వేసేవారికి ముందు వారి భాషలో చదివి వినిపిస్తాం.